వాన రాకుండా పూసిన కాఫీ

చిలకమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ ఉండుంటే ఎంత మురిసిపోయేదానివో!

వేసవి వాన పడితేనే కాఫీ పూస్తుందని మన అమ్మాయి బడిలో పాఠం చెబుతుంటే ఒక గుంటపిల్ల లేచి, "మనమే నీళ్లు పోసేత్తే, వానొచ్చిందనుకోదేటి టీచరమ్మా?" అందట. చిన్నప్పుడు నువ్వు ఇలాంటిదే అడిగితే అందరూ నవ్వారు, నువ్విక బడికెళ్లలేదు. మన అమ్మాయి నవ్వలేదు. "పోసి సూద్దాం," అంది. పదిరోజుల కిందట, నువ్వు నాటిన మొక్కకి పిల్లలు బిందెలతో నీళ్లు పోశారు.

ఈ ఉదయం తోటలన్నీ పచ్చగానే ఉన్నాయి. నీ మొక్కొక్కటే తెల్లగా విరగబూసింది! ఆనందం పట్టలేకపోయాను.

ఆ గుంట మాత్రం దిగులుపడి, "తాతా, మొక్కని మోసం సేసామేటి?" అంది.

"నాకేటి తెలుసే? బేగెళ్లి బడిలో అడుగు," అన్నాను.

పరుగెత్తింది.