రోజుకి ఆరు చోట్ల పాసు

తమ్ముడూ,

తెల్లవారేసరికి ఆకాశం బూడిద రంగులో ఉంది. ఇప్పుడు సన్నగా తుంపర పడుతోంది. నువ్వు నిద్రలో ఉన్నావని లేపలేదు. కనుబొమ్మ మీద కుట్లు తడవనీయకు. మాత్ర ఏదైనా తిన్నాకే వేసుకో. అమ్మ మోకాలికి కాపడం పెట్టు, వేడినీళ్లు ఫ్లాస్కులో ఉన్నాయి.

నేను టిక్కెట్ల కిటికీ దగ్గరికి వెళ్తున్నాను. ఊరు చూడ్డానికి ఇవాళ్టికి కొన్న పాసులు వాళ్లు వెనక్కి తీసుకుంటే సరే, లేకపోతే అక్కడే చింపేసి వస్తాను. రోజుకి ఆరు చోట్లు చూస్తేనే పాసు గిట్టుబాటని నిన్నంతా పరుగులు పెట్టించావు. మ్యూజియంలో నాన్న నేసిన మగ్గం లాంటిది కనబడి అమ్మ ఆగితే, "ఇంకా రెండు చోట్లున్నాయి, నడువమ్మా" అని రెక్క పట్టి లాగావు. కోట మెట్ల మీదా అలాగే లాగావు. ఆవిడ బోర్లా పడింది.

గొడుగు కర్రతో నేను కొట్టిన మొదటి దెబ్బ దానికి. అందుకు నాకేం విచారం లేదు. అప్పటికే నీ మొహం నిండా నెత్తురు. "చాలన్నయ్యా" అన్నావు కూడా. అయినా కర్ర విరిగేలా రెండోది కొట్టాను. అది అమ్మ కోసం కాదు. కొట్టాలనిపించి కొట్టాను. ఆవిడ అడ్డం రాకపోతే మూడోదీ పడేది.

నాతో ఉండబుద్ధి కాకపోతే మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపో. ఆపను.

రాత్రి అమ్మ ఏమీ తినలేదు. మనిద్దరం కూర్చుంటేనే తింటుందట. ఒంటిగంటకి కింద హోటల్లో ఉంటాను. నా ఎదురుగా కూర్చోలేకపోతే ఆవిడ పక్కన కూర్చో. మాటలేం వద్దు, ముగ్గురం తినేసి లేద్దాం.