పదిహేడో తప్పు

ఇజుమిసానో,
జూన్ రెండో తేదీ.

కోజూ, నా బుజ్జి తల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ నేనూ పిల్లీ బాగానే ఉన్నాం. టోక్యోలో నువ్వు కూడా కులాసాగా ఉన్నావనే అనుకుంటున్నాను గానీ, ఈసారి నీ అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి, అన్నం మానేసి రాసినట్టు. నా రాత సంగతి నీకు తెలిసిందే. పదిహేనో ఏట తువ్వాళ్ళ మిల్లులో చేరినదాన్ని, కష్టమైన అక్షరాలు రావు. వచ్చిన వాటితోనే రాస్తాను, నవ్వకుండా చదువు.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు. మోకాలు ఫరవాలేదు, మెట్లు దిగేటప్పుడే నన్ను తిడుతుంది. వానలు ఇంకా పట్టలేదు. అన్నయ్య గది సర్దావా అని అడిగావు. కిటికీ దాకా సర్దాను. బల్ల మాత్రం ముట్టుకోలేదు. దాని మీద వాడి కాఫీ కప్పు మరక గుండ్రంగా ఉంది. తుడిస్తే పోతుంది, అందుకే తుడవలేదు. పొద్దున్నే మొదటి అన్నం మీ అన్న తోమో పటం ముందు పెట్టి, ఆవిరి తగ్గాక దాన్నే నేను తింటున్నాను. ఏడాది కావస్తున్నా ఈ చెయ్యి ఇంకా ఇద్దరికి సరిపడా బియ్యమే కడుగుతోంది.

ఇక నీ మూడో ప్రశ్న. మీ కంపెనీ కోరి వచ్చి అన్నయ్య ఆఖరి వీడియో ఆటను కొత్త మిషను మీద వేస్తామంటే వాడి ఆఫీసు యజమాని షియోమి గారు ఎందుకు కాదన్నాడు, దాన్ని తయారీ కూడా ఆగిపోయిన పాత మిషను మీద మాత్రమే ఎందుకు వేశాడు, ఆయన చేత చెప్పించమ్మా అన్నావు. ఆయన సంవత్సరీకానికి వస్తే నువ్వు రానని కూడా రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. దానికి జవాబు ఉంది తల్లీ. చెప్తాను. ముందు ఆట విడుదలైన రోజు సంగతి విను, లేకపోతే నాకు ధైర్యం రాదు.

ఆ రోజు అన్నయ్య ఆటలకి బొమ్మలు గీసే కుబో వచ్చి నన్ను రైలెక్కించి నిప్పొన్‌బాషి తీసుకెళ్ళాడు. అక్కడ పాత ఆటలమ్మే ఒక చిన్న కొట్టు ముందు నలభై మంది దాకా వరసలో ఉన్నారు. తొమ్మిదేళ్ళ కిందట మొదటి భాగం కొన్నప్పుడు వాళ్ళంతా కుర్రాళ్ళట. ఇప్పుడు కొందరికి బట్టతల, కొందరికి చత్వారం. పెళ్ళికొచ్చిన చుట్టాల్లాగా ఒకరి మిషను క్షేమం ఒకరు అడుగుతున్నారు. ఒకాయన తన మిషను మూత మీద లావు నిఘంటువు పెడితేగానీ తిరగడం లేదన్నాడు. ఇంకొకాయన తనది బోర్లా పెడితేనే చదువుతోందనీ, మా ఆవిడను కూడా ఇంత బతిమాలలేదనీ అన్నాడు. మరొకాయన రెండు పెట్టెలు కొన్నాడు, ఒకటి ఆడటానికి, ఒకటి విప్పకుండా దాచుకోవడానికట. తువ్వాలు కొని తుడుచుకోకుండా దాచుకునేవాళ్ళను నేనెక్కడా చూడలేదు.

కుబో ఊరుకోకుండా అందరికీ చెప్పేశాడు, ఈవిడే అసలు ఓషిగే అని. నీకు గుర్తుందా, ఆటలో తడి తువ్వాలు మెలిపెట్టి అందర్నీ బాదే మిల్లు మనిషి, మీ అన్న నన్ను చూసే చేశాడు. వరసలో ఒక పెద్దమనిషి టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడు.

"పిన్నిగారూ, తొమ్మిదేళ్ళుగా మీ చేతుల్లో తన్నులు తింటున్నానండీ."

నాకు సిగ్గేసింది. పెట్టె మీది బొమ్మ చూపించి, నా నడుం మరీ అంత లేదులే నాయనా అన్నాను.

"చుక్క చుక్కా లెక్కపెట్టి గీశాను పిన్నీ," అన్నాడు కుబో. "ఒక్కటి కూడా ఎక్కువ పెట్టలేదు."

అందరూ నవ్వారు. మీ అన్న పోయాక పదిమంది మధ్య నిలబడి నేను నవ్వింది అదే మొదటిసారి.

ఇక్కడ నీకు ఒక సంగతి చెప్పాలి. మొదటి భాగం వచ్చిన ఏడు నువ్వు టోక్యోలో ఉద్యోగంలో కొత్తగా చేరావు, దాన్ని ఆడే తీరికే నీకు లేకపోయింది. ఆ ఆటలో తోమో ఒక తప్పు చేశాడు. ఓషిగే తువ్వాలు విసిరి వెనక్కి లాక్కుంటుంది కదా, తువ్వాలు చేతిలోకి వచ్చేసినట్టు కంటికి కనిపిస్తుంది. కానీ రెప్ప వేసి తీసేంత సేపు, అది ఇందాక ఉన్న చోటుకి ఎవడు అడుగుపెట్టినా వాడికి దెబ్బ తగులుతుంది. వాడి లెక్క ఎక్కడో తప్పింది. తెలిసేసరికి డిస్కులన్నీ తయారైపోయాయి. ఆ వారమంతా తల ఎత్తుకోలేకపోయాడు. ఆడేవాళ్ళు మాత్రం దాన్ని పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి సాధన చేసి, దాన్నొక విద్యలాగా చేసుకుని, 'ఆరని తడి' అని పేరు పెట్టుకున్నారు. రెండో భాగంలో, అంటే ఈ ఆఖరి ఆటలో, వాడు దాన్ని తెలిసే ఉంచాడు. ఆసుపత్రిలో నేను పీచు పండు కోసి పెడుతుంటే అన్నాడు, అమ్మా, తప్పు చేసింది నేనే గానీ ఇప్పుడది వాళ్ళ సొత్తు, తీసెయ్యడానికి నేనెవర్ని అని. నేను సగమే విన్నాను. ఇంకో ముక్క తిను అన్నాను.

కొట్టులో ఒక లావు టీవీకి పాత మిషను తగిలించి పెట్టారు. వరసలో మొదటివాడు పెట్టె అక్కడే విప్పి, డిస్కు వేసి, ఓషిగేను ఎంచుకున్నాడు. తువ్వాలు విసిరాడు, వెనక్కి లాగాడు. అవతలి బొమ్మ ఆ ఖాళీ చోటుకి అడుగేసింది. ఆ బొమ్మ వెల్లకిలా పడింది.

"ఉంది," అన్నాడు.

వాడి వెనకవాడు తన వెనకవాడితో "ఉందిట" అన్నాడు. అలా ఒకరి నుంచి ఒకరికి ఆ మాట వీధి దాకా వెళ్ళింది. టోపీ పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి.

ఫిబ్రవరిలో మీ కంపెనీ ఒప్పందం కాగితాల మీద, సంతకం బదులు, ముద్ర వెయ్యడానికి నేను షియోమి గారి ఆఫీసుకి వెళ్ళాను. ఆ ఆటలో తోమో వాటా నాకు వచ్చింది కదా, నా ముద్ర పడాలి. వేస్తానని నీకు ఫోనులో చెప్పే బయల్దేరాను, సంచిలో మన ఇంటిపేరు చెక్కిన ముద్ర పెట్టుకుని. షియోమి గారి ముద్ర అప్పటికే పడి ఉంది. ఆయన ఒప్పుకున్నాడు కోజూ. ముగ్గురే మిగిలిన ఆ ఆఫీసుకి మీ కంపెనీ ప్రాణం పోసినట్టే అని ఆయనే అన్నాడు.

ఆ కాగితాల్లోని కష్టమైన అక్షరాలు నాకు రావని కుబో పైకి చదివాడు. కాగితాల వెనక ఇంకో జాబితా ఉంది, కొత్త మిషనుకి మార్చేటప్పుడు సరిచెయ్యాల్సిన తప్పులు, ముప్పై ఒకటి. అది వద్దులే పిన్నీ అన్నాడు. ముద్ర వేసేదాన్ని, అన్నీ వినాలి కదా, చదువు అన్నాను. పదిహేడోది చదివేముందు వాడు నా వంక చూశాడు. "తువ్వాలు వెనక్కి వచ్చిన తరవాత కూడా దెబ్బ తగులుతోంది. సరిచేయవలెను."

అది ఉంచమని అడగొచ్చా అన్నాను. అడగొచ్చు గానీ అది ఈ పాత మిషను లెక్కల్లోంచి పుట్టిన తప్పనీ, కొత్త మిషనులో అన్ని లెక్కలూ మొదట్నుంచీ వేస్తారనీ, కావాలంటే అలాంటిదే ఇంకోటి కుడతారు గానీ తోమో చేసింది మాత్రం రాదనీ కుబో చెప్పాడు.

జాబితా కింద, పరీక్షించినవారు అన్నచోట, ఎర్రగా ఒక ముద్ర ఉంది. నెగొరో అని. ఆ అక్షరాలు నాకూ వచ్చు. నేనే అప్పటికే వేసేశానేమో అనుకున్నాను ఒక్క క్షణం. ఇంటిపేరు ఒకటే కదా. తరవాత తెలిసింది, అది నీదని.

నా ముద్ర తిరిగి సంచిలో పెట్టేశాను. కాదన్నది షియోమి గారు కాదు తల్లీ. నేను.

నీకు ఏమని చెప్పను? మీ అన్న ఉంచుకున్నదాన్ని నువ్వే తప్పని రాశావని చెప్పనా? వాడు పోయి ఎనిమిది నెలలు, నీ గొంతు ఫోనులో ఇంకా చిల్లుపడ్డట్టే ఉండేది. షియోమి గారు టీ పక్కకి జరిపి, తన ముద్ర పడిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అక్కయ్యగారూ, పాపతో నేను మాట్లాడతాను. నేనే వద్దన్నానంటాను. నన్నెంత తిట్టుకున్నా ఫరవాలేదు, నేను ఇంట్లోవాణ్ణి కాను. మీరు ఇద్దరే మిగిలారు."

నేను సరే అన్నాను. అదీ నేను చేసిన పని. మా అన్నను పాత సామాన్ల కొట్లో పెట్టి తాళం వేశారు అని నువ్వు ఆయన్ని అన్నావట. మర్నాడు వచ్చి, మీ పాపకి కూడా తువ్వాలు విసరడం వచ్చు అక్కయ్యగారూ అని నవ్వాడు. ఆయన నవ్వుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. మీ కంపెనీలో నీ మాట పోయింది. షియోమి గారి ఆఫీసు ఏడాది నిలుస్తుందో లేదో తెలియదు. లోకమంతా ఆడాల్సిన ఆట ఆ కాసిని మంది దగ్గర ఆగిపోయింది. నేను చేసింది సరైనదేనా అంటే చెప్పలేను. వాడి తప్పు కూడా నాకు కావాలనిపించింది, అంతే.

నువ్వు మాత్రం ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు పట్టడమే నీ పని, సరిగ్గా పట్టావు. ముప్పై ఏళ్ళు మిల్లులో నేను చేసిందీ అదే. నూగు లేచిన చోట, పోగు తప్పిన చోట ఎర్రదారం కట్టేదాన్ని. ఎర్రదారం కట్టినవి బజారుకి పోవు, మనమే ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. మీరిద్దరూ వాటితోనే ఒళ్ళు తుడుచుకుని పెరిగారు.

ఇరవై నాలుగో తేదీ, ఆదివారం, సంవత్సరీకం. పంతులు పదకొండింటికి వస్తాడు. భోజనాల దగ్గర షియోమి గారి పక్కన నీకు చోటు ఉంచుతాను. నువ్వు ఆయనతో ఏమీ మాట్లాడక్కర్లేదు, టీ పొయ్యి చాలు. ఆయనకు అర్థమవుతుంది. ఆట పెట్టె ఒకటి వాడి పటం దగ్గర పెట్టాను. ఇంకోటి నీది. పాత మిషను అన్నయ్య గదిలోనే ఉంది, మూత మీద బరువు పెడితే తిరుగుతుంది. తువ్వాలు ఎప్పుడు లాగాలో నేను నేర్పిస్తాను. నాకు పదిసార్లలో మూడుసార్లు వస్తోంది.

నామీద కోపమొస్తే అదే రాయి, దాచుకోకు. ఈ ఉత్తరంతో పాటే నీరెక్కువుండే మన ఊరి వంకాయల ఊరగాయ పంపుతున్నాను, ఈ ఏటి మొదటి కాపు. కత్తి పెట్టకుండా చేత్తో చీల్చు. రెండు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పులుస్తుంది. వేడి అన్నం వండుకో. ఆఫీసులో నిలబడి రొట్టె కొరకడం కాదు, కూర్చుని, కడుపు నిండా తిను తల్లీ.

ఇట్లు,
తోమోకీ నీకూ అమ్మ,
షిగే