రోసా ఆంటీ ఊరి గొర్రెల బాట

బర్నబీ

అన్నకు చెల్లె సునీత దండాలు. నేను బాగానే ఉన్నాను. వదిన నడుం నొప్పి ఎట్లా ఉంది? చిన్నదాని జ్వరం తగ్గిందా? ఫోన్‌లో అయితే సగంలోనే మాట తెంపుతావని, ఇది కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. వదినతో చదివించుకో. కోపం చేయకుండా చివరిదాకా విను.

ఈ బర్నబీ ఊళ్ళో వాన పట్టిందంటే వదలదు. పొద్దున కొండ మీది కాలేజీకి, సాయంత్రం కాఫీ షాపులో పార్ట్‌టైమ్‌కి తడుస్తూనే పోతున్నాను. తిండికి ఇబ్బంది లేదు, అన్నం నేనే వండుకుంటున్నాను, దిగులు పడకు. నేనుండేది బేస్‌మెంట్. పైన ఇంటి ఓనర్ రోసా ఆంటీ ఒక్కతే ఉంటుంది. ఇటలీ ముసలామె. ఇన్నాళ్లూ చెత్తబుట్టల గురించి తప్ప నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

పోయిన ఆదివారం హీటర్ పని చేయట్లేదని చెప్పడానికి పైకి పోయాను. వంటింటి గోడ మీద ఒక ఫొటో. దగ్గరికి పోయి చూశాను. చర్చి ముందు వాళ్ల దేవుడి విగ్రహం, దాని తల నిండా, మెడ నిండా పాములు. బొమ్మలు కాదన్నా, బతికున్న పాములు! నాకు తెలియకుండానే చెంపలు వేసుకుని దండం పెట్టాను. ఆంటీ చేతిలో గరిటె అట్లాగే ఆగిపోయింది.

"ఇది చూసి మొహం తిప్పుకున్నవాళ్లే అందరూ. దండం పెట్టినదానివి నువ్వొక్కదానివే" అని కుర్చీ లాగి కూర్చోబెట్టింది. పాముకాటు నుంచి కాపాడే దేవుడట, ఏటా పండగకు పాములు పట్టి తెచ్చి విగ్రహం మీద వేసి ఊరేగిస్తారట. మేము నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తామని చెప్తే, ఈసారి నోరెళ్లబెట్టడం ఆమె వంతయింది.

వాళ్లది అబ్రుత్సో అనే కొండల సీమ. ఇటలీ అంటే పిజ్జాలు, సూట్లు అనుకున్నాను నేను. అక్కడ తోడేళ్లున్నాయట, పెరట్లో పండ్లు తినడానికి ఎలుగుబంట్లు వస్తాయట! వాళ్లది గొర్రెలు కాసే ఇల్లన్నా, నమ్ముతావా? మంచు పడకముందే మందను తోలుకుని కొండ దిగి, రోజుల తరబడి నడిచి మైదానానికి పోయేవాళ్లు. మనం ఎండాకాలం కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయినట్టే. గొర్రెల కోసమే వదిలిన వెడల్పాటి బాట అది, ఎవరూ దున్నకూడదని రాజుల శాసనం. మనం పొలం గట్టు ఎక్కితేనే కర్ర పట్టుకుని వస్తారు కదా! సన్న పుల్లలకు గుచ్చి కాల్చిన పొట్టేలు మాంసం పెట్టింది. కారం లేదు గానీ, ఆ వాసనకే ఇల్లు గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇప్పుడు ఆ బాట మీద ఎవరు పోతున్నారు ఆంటీ?" అంటే ఫోన్‌లో చూపించింది. మోకాలెత్తు గడ్డి. బ్యాగులు తగిలించుకున్న టూరిస్టులు. ఊళ్ళో ఏ తలుపు చూసినా తాళమే. ఒక్క గొర్రె లేదు.

"అందరూ ఏమైపోయారు?" అన్నాను.

"ఇక్కడికే వచ్చాం" అంది.

ముందు తను వచ్చింది. తర్వాత ఆమె అన్న మంద అమ్మేసి వచ్చాడు. బిల్డింగుల పని చేశాడు, ఇల్లు కట్టుకున్నాడు, బాగానే బతికాడు. ఆఖరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద అదే పనిగా నాలుకతో టక్కు టక్కుమనేవాడట. నర్సులు నొప్పేమో అనుకున్నారు. మందను పిలుస్తున్నాడని ఆంటీకి ఒక్కదానికే తెలుసు. అది చెప్పి ఆమె లేచిపోయి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

అన్నా, మొన్న ఫోన్‌లో "మంద అమ్మి నేను గూడ వచ్చేస్త, ఏమంటవ్ చెల్లె?" అన్నావు. మన వాడలో సగం మంది పిల్లలు ఇక్కడే ఉన్నారు, నిన్ను వద్దనడానికి నేనెవరినని ఊరుకున్నాను. ఇప్పుడు భయమేస్తోంది. తొందరపడకు. ఈ వారం సంతకు తోలకు.

అమ్మకు, నాయినకు, పెద్దమ్మకు నా దండాలు చెప్పు. చిన్నదానికి ముద్దులు. పరీక్షలున్నాయి, నన్ను దీవించు.

ఇంకొక్కటి. "మీవాళ్లు గొర్రెల్ని ఎట్లా పిలుస్తారు?" అని ఆంటీ అడిగింది. పిలిచి చూపిద్దామనుకున్నాను. నా గొంతులోంచి రాలేదన్నా. కిందికి వచ్చి తలుపేసుకుని మళ్లీ మళ్లీ పిలిచి చూశాను, రాలేదు. సాయంత్రం మంద దొడ్డికి మళ్లేటప్పుడు నువ్వు పిలిచే పిలుపు రికార్డు చేసి పంపు. నీ గొంతు ఒక్కటే వద్దు. పిలవగానే ఉరికొచ్చే గొర్రెల చప్పుడు కూడా అందులో వినపడాలి.

నీ చెల్లె,
సునీత