వణకని అక్షరాలు

నాన్నకు నమస్కారాలు. నేను కులాసా.

పోయిన కార్డులో నా రాత కోడి కెలికినట్టుందని, చేతులు వణికే జబ్బేమోనని అమ్మ బెంగపడుతోందని రాశారు. జబ్బు నాకు కాదు, ఇక్కడ మేం నడిపే పంపుకి. అది నీళ్లను విసురు విసురుగా తోస్తుంటే గొట్టాలూ, నేలా, నేను రాసుకునే బల్లా అన్నీ అదిరేవి. నిన్న దాని గొట్టానికి ఒక ఉక్కు సీసా బిగించాం. లోపల రబ్బరు తిత్తి, దాని నిండా గ్యాసు. పంపు గట్టిగా తోసినప్పుడు తిత్తి ముడుచుకుని కాసిని నీళ్లకు చోటిస్తుంది. తోపు తగ్గగానే ఆ నీళ్లను తిరిగి గొట్టంలోకి నెడుతుంది. అంతే.

గొట్టం మీద చెయ్యి వేసి, అదురు తగలకపోయేసరికి, "పంపు ఎందుకు ఆపారు?" అని మేస్త్రీ మీద విసుక్కున్నాను.

"ఆపలేదమ్మా, అటు చూడు" అన్నాడాయన.

ధార ఎక్కడా తెగకుండా, తొణక్కుండా పడుతోంది. అంతగా గుండెలు బాదుకునే యంత్రాన్ని తిత్తెడు గ్యాసు ఊరడించేసింది.

వంటింటి కప్పు కారడం ఆగిందా? నా సైకిలు జోలికి పోవద్దని తమ్ముడికి చెప్పండి. శాలువా పంపండి.

ఈ కార్డు అమ్మకు చదివి వినిపించకండి, చేతికివ్వండి. అదే బల్ల మీద, పంపు నడుస్తుండగానే రాశాను.

మీ పెద్దమ్మాయి