చెక్‌డ్యాం మలుపు దగ్గర డివైడరులో ఒక సందు

రోడ్ల శాఖ ఇంజనీరు గారి సముఖమునకు,

ఆగిరిపల్లి మండలం, చెక్‌డ్యాం మలుపు దగ్గర మామిడి రైతు వెంకటకృష్ణారావు (చదువు ఐదో తరగతి) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాలుగు వరసల రోడ్డు మధ్య డివైడరులో లారీ తిరుగునంత సందు ఇప్పించుట గురించి.

ముందుగా ఒక మాట. నేను రోడ్డుకు వ్యతిరేకిని కాను. రోడ్డు వచ్చిన తరువాత ఈ ప్రాంతం పెరిగినదని పేపరులో వేశారు. అది నిజమే. పెద్ద తోటలకు లారీలు నేరుగా గేటులోకి వెళుతున్నవి. రసం తీసే ఫ్యాక్టరీ వచ్చినది. అంబులెన్సు తొందరగా వస్తున్నది. ఇవన్నీ ఒప్పుకొనుచూ దిగువ సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. నా తోట రోడ్డుకు ఇవతల. ఆంజనేయులు తోట అవతల. రెండూ చిన్న తోటలే. ఒక్కరి కాయలతో లారీ నిండదు. అందుచేత పాత రోడ్డు ఉన్నప్పుడు లారీ మలుపులో ఆగేది. నా కాయలు, ఆయన కాయలు, పక్కనున్న రమణమ్మ గారి కాసిని కాయలు కలిపి ఎత్తేవాళ్లం. దీనిని మేము పొత్తు లోడు అంటాం. ఎవరివి ఏవో తెలియుటకు కుప్ప మీద రొట్ట కప్పేవాళ్లం. నాది కానుగ రొట్ట. ఆంజనేయులుది వేప. రమణమ్మ గారిది జామ. కాగితం రాసుకున్నది లేదు. మార్కెట్టులో ఒక్క కాయ తారుమారైనది లేదు. కాయ ఏరడం నా పని. బేరం ఆంజనేయులు పని. నిండు లారీ వెనక ఆయన నిలబడితే కొనేవాడు మర్యాదగా మాట్లాడేవాడు.

2. డివైడరు వేసిన తరువాత, ఇవతల ఆగిన లారీ అవతలకు పోవాలంటే ఎక్కడో ఉన్న అండర్‌పాస్ దాకా వెళ్లి తిరిగి రావలెను. లారీ రాములు కొన్నాళ్లు మా మొహం చూసి వచ్చాడు. తరువాత, "బాబాయ్, నాకూ రావాలనే ఉంది. మీ కాయలకన్నా నా బండి తాగే డీజిలు ఎక్కువవుద్ది" అన్నాడు. అతని తప్పు లేదు. సగం లారీ ఎవరికీ కిట్టదు.

3. నిరుడు కాయలు ఆటోలో వేసుకుని ఒక్కడినే వెళ్లాను. కొనేవాడు నా గోనె మీద కాలు పెట్టి బేరమాడాడు. కాలు తీయమని అనలేకపోయాను. వాడు చెప్పిన ధరకే ఇచ్చి వచ్చాను. రమణమ్మ గారు అప్పటికే చెట్లు గుత్తకు ఇచ్చేశారు.

4. సందు అడుగుతూ ఇంతకు ముందు ఒక అర్జీ పెట్టుకున్నాను. తమ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, కుర్చీ వేసుకుని, ఈ మలుపులో రోడ్డు దాటేవారిని లెక్క రాసుకున్నారు. దాటినవారు ఎవరూ లేరు కనుక సందు అవసరం లేదని జవాబు వచ్చింది. ఎవరూ దాటలేదన్నది నిజమే. నడుము ఎత్తు ఇనుప కమ్ములు ఉన్నవి కదా. ఒక కుక్క కమ్ముల కింద నుంచి దాటినది, దానిని రాయలేదు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నన్ను దాటమంటారా అని అడగటానికి మొహమాటపడ్డాను. అప్పుడు ఆంజనేయులు అవతల నుంచి గట్టిగా ఏదో అరిచాడు. లారీల మోతలో వినపడలేదు. సాయంత్రం ఫోను చేసి అడిగితే, "ఆ వచ్చినాయనకి కాయ కోసి పెట్టావా అన్నాను బావా. లెక్కయినా బాగా రాసేవాడు" అన్నాడు.

5. ఫోను ఉన్నది కదా, ఇద్దరూ మాట్లాడుకుని లారీ కుదుర్చుకోవచ్చు కదా అని తమ ఆఫీసులో గుమస్తా నవ్య గారు అడిగారు. ఆమె మంచిగానే అడిగారు. కాని ఎంత మాట్లాడుకున్నా లారీ ఆ కమ్ముల మీదుగా దూకదు. ఇంకొక సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. నాకు మాటలు తక్కువ. ఫోనులో ఆంజనేయులు "ఏంటి బావా" అంటాడు. నేను "ఏముంది" అంటాను. అయిపోతుంది. లోడు రోజున లారీ వచ్చేదాకా ఇద్దరం కుప్పల పక్కన కూర్చునేవాళ్లం. మాట్లాడకుండా కూర్చోవటానికి ఫోను పనికిరాదు. ఇంట్లో నా భార్య పోయిన తరువాత నాకు మనుషులతో ఉన్న పని ఆ ఒక్కటే.

6. ఆంజనేయులు ఒకసారి కమ్ము దాటబోయి మోకాలు కొట్టుకున్నాడు. అప్పటి నుంచి కూతురు రోజా రోడ్డెక్కనివ్వడం లేదు. తోట గుత్తకిచ్చి, బాపులపాడులో తన దగ్గరకు వచ్చేయమంటున్నది. గుత్తకు తీసుకునే షావుకారు కూడా వచ్చి చూసుకుని వెళ్లాడు. ఈ కోతకు పొత్తు లోడు ఎత్తగలిగితే ఉంటాననీ, లేకపోతే వెళ్లిపోతాననీ ఆంజనేయులు చెప్పాడు. వెళితే అవతల తోట ఉంటుంది. ఆయన ఉండడు.

ఈ అర్జీ ఎవరికి పెట్టాలి అని ఆయననే అడిగాను. మా ఇద్దరికీ ఉన్నవి ఎక్కువగా కలెక్టరు రకం మామిడి కాయలు. "కలెక్టరుకే రాయి బావా, మన కాయ పేరు ఆయనదేగా" అని నవ్వాడు. అంత పైకి రాయడానికి జంకి తమకు రాస్తున్నాను.

కావున తమరు దయతో చిత్తగించి, కోతలోపు ఒకసారి మా మలుపులో నిలబడి రెండు వైపులా చూడవలెను. కుర్చీ నేను వేస్తాను. కాయ కూడా కోసి పెడతాను.

తమ విధేయుడు,
వెంకటకృష్ణారావు
(మార్కెట్టులో కానుగ రొట్ట రావు అంటే తెలుస్తుంది)

మరిచిన సంగతి: సందు ఇచ్చుటకు పై ఆఫీసు అనుమతి కావలెననీ, ఆలస్యమగుననీ నవ్య గారు చెప్పినారు. అంతవరకు ఒక చిన్న పని. కమ్ముల మధ్య గన్నేరు మొక్కలు వేశారు. ట్యాంకరుతో నీళ్లు బాగా పోస్తున్నారు, ఏపుగా పెరిగినవి. పొద్దున్నే ఆంజనేయులు అవతల నుంచి తువ్వాలు ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి. ఇప్పుడు తువ్వాలు కొస మాత్రమే కనపడుచున్నది. మా మలుపు మేరకు మొక్కలను నడుము ఎత్తుకు కత్తిరించమని సెలవిప్పించగలరు. కత్తెర నా దగ్గర ఉన్నది. ప్రభుత్వం వారి మొక్కలని నేను ముట్టుకొనలేదు.