ఒకే గుమ్మం

మా ఎలకల డాక్టరమ్మకి,

నాన్న ఆనందం పట్టలేక రాస్తున్న ఉత్తరం. ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. అమ్మ పక్కనే ఉంటుందమ్మా, ఇందులో కొన్ని ఆమె వినకూడనివి ఉన్నాయి. పైగా నువ్వు మొన్న రాసిన నాలుగు పేజీలూ ఏడుసార్లు చదివాను. అంత ఓపిగ్గా రాసినదానికి ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటే బాగుండదు.

ఎలకల్ని నీళ్ళలో వదలడమూ ఒక ఉద్యోగమేనా అని నిన్ను ఎన్నిసార్లు ఆటపట్టించానో. ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. గుండ్రటి తొట్టి, తెల్లగా కలిపిన నీళ్ళు, ఆ నీళ్ళ కింద కంటికి కనపడని చిన్న మెట్టు. ఏ వైపు నుంచి వదిలినా మంచి ఎలక నాలుగు రోజుల్లో గదిలోని కిటికీనీ దీపాన్నీ గుర్తుపెట్టుకుని తిన్నగా మెట్టెక్కుతుంది. మెదడులో కొత్త జ్ఞాపకాలు నిలిపే ఆ హిప్పోక్యాంపస్ అనే భాగం దెబ్బతిన్న ఎలక మాత్రం ఎన్నాళ్ళైనా మొదటి రోజులాగే గిరగిరా తిరుగుతుంది. మీ అమ్మకు మెదడు జ్వరం వచ్చాక డాక్టరు చెప్పింది ఈ భాగం గురించే కదా అని, అక్కడితో ఉత్తరం మడిచేయబోయాను. అదృష్టం, మడవలేదు. మెట్టు మీద జెండా పెడితే ఆ దెబ్బతిన్న ఎలకే తిన్నగా పోతుందట. రోజూ ఒకే వైపు నుంచి వదిలితే మెల్లగా దారి అలవాటు చేసుకుంటుందట. కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను తల్లీ.

ఎందుకంటే ఎనిమిది నెలలుగా నేను మీ అమ్మను నాలుగు వైపుల నుంచీ వదులుతున్నాను. తనతో కలిసి పనిచేసిన టైలరమ్మ దుకాణం దగ్గరగా ఉంటుందనే కదా, జ్వరం తగ్గాక ఈ ఇంటికి మారాం. చేతులకు కుట్టుపని మరుపు రాలేదు, రోజూ పొద్దున్నే దుకాణానికి వెళ్తానంటుంది. కానీ ఈ వీధి ఆమెకు కొత్త. నేనేమో ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. కొత్త డ్రైవర్లకు నేర్పినట్టే నేర్పాను. ఒకరోజు ముందు గుమ్మం, మర్నాడు వెనక సందు, ఇంకోరోజు ఆసుపత్రి పక్కనుంచి. ఒక దారి మూసేస్తే ఇంకోటి తెలియాలని. ప్రతి మలుపులోనూ ఆగి నా మొహం చూసేది. ఇంత దారి గుర్తుండదా అని ఒకసారి నడివీధిలో కసిరాను కూడా.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతి. రెండు నెలల క్రితం అమ్మ తప్పిపోయింది. అయిదు గంటలు వెతికితే రైలు గేటు దగ్గర దొరికింది, కాళ్ళకు చెప్పుల్లేవు. అప్పటినుంచి నేను బయటికెళ్తే తలుపుకు తాళం వేస్తున్నాను. తిరిగొచ్చేసరికి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇక నావల్ల కాదనుకుని ఒక వృద్ధాశ్రమంలో మాట్లాడాను. ఒకటో తారీఖున చేర్చుకుంటామన్నారు. నిన్ను అడక్కుండా సంతకం పెట్టేశాను. కోప్పడు, కానీ తర్వాత. ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి. రేపటినుంచి ఒకే గుమ్మం, ఒకే దారి.

నీ తెలివికి పొంగిపోతున్న
నాన్న

*

నాకు పాఠం చెప్పిన నా పంతులమ్మకి,

తీరిగ్గా కూర్చుని చదువు. వరసగా చెప్తాను.

వెనక తలుపుకు బీరువా అడ్డం పెట్టాను. గేటుకు పసుపు రంగు పూశాను. ఇంటాయన మొహం చిట్లించాడు, నేను నవ్వి ఊరుకున్నాను. టైలరమ్మ తన దుకాణం ముందు ఎర్ర గొడుగు కట్టింది. రోజూ తొమ్మిదింటికి అదే సంచీ, అదే గుమ్మం, ఎడమచేత్తో గోడ రాసుకుంటూ నడక. ముందు నేను, వెనక ఆమె. పదిరోజులు ఏమీ లేదు. రోజూ ఆమెకు మొదటి రోజే. పన్నెండో రోజు మలుపు దగ్గర కావాలని ఆగిపోయాను. ఆమె ఆగలేదు. ఏదో కబురు చెబుతూ, తిరుగుతున్నానన్న ధ్యాసే లేకుండా ఎడమకి తిరిగి ముందుకు వెళ్ళిపోయింది. పక్కింట్లో ఉండే నా పాత కండక్టరు అరుగు మీంచి చూసి, "ఏం డ్రైవరూ, ఇన్నేళ్ళూ జనాన్ని వెనకేసుకు తిరిగావు, ఇప్పుడు నువ్వే వెనకబడ్డావే" అన్నాడు. నువ్వు టికెట్లు చూసుకో అన్నాను.

నిన్న ఒంటరిగా పంపాను. ముప్పై అడుగుల వెనక నేనూ కండక్టరూ, దొంగల్లాగా. సరిగ్గా మలుపులో నీళ్ళ గొట్టం కోసం తవ్వేశారు. గోడ వెంబడి దారే లేదు. ఆమె నిలబడిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెత్తబోతే కండక్టరు చొక్కా పట్టుకున్నాడు. "ఆగు. నువ్వెళ్తే మళ్ళీ నీ మొహమే చూస్తుంది" అన్నాడు. ఆమె సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తలెత్తి గుంట అవతలికి చూసింది. గొడుగు కనపడింది. అంతే, మట్టికుప్ప చుట్టూ తిరిగి, రోడ్డు దాటి, గొడుగు వైపే నడుచుకుంటూ పోయింది. నేను నడివీధిలో ఏడ్చేశాను, సిగ్గేమీ లేదు.

మధ్యాహ్నం తనంతట తనే పసుపు గేటు తోసుకుని వచ్చింది. చొక్కాలకు పదకొండు గుండీ కాజాలు కుట్టిందట, ఒక్కటీ విప్పే పని లేదని టైలరమ్మ కబురంపింది. సాయంత్రానికి ఏదీ గుర్తులేదు. ఇవాళ తనెక్కడికైనా వెళ్ళిందా అని అడిగింది. మొత్తం చెప్పాను. పడుకునేలోపు నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ కొత్తగా మురిసిపోయింది.

ఈ పొద్దున ఇంకో పని చేశాను. ఎలాగూ మరిచిపోతుంది కదా అని దాచడం మోసమనిపించింది. తాళం సంగతీ, ఆశ్రమం సంగతీ, సంతకం సంగతీ ఆమె ముందు కూర్చుని చెప్పేశాను. లేచి తన సంచీ అందుకుంది.

"అక్కడికి నేనెలా వస్తానండీ? పొద్దున్నే నాకు పనుంటుంది కదా" అంది.

ఏం పని, ఎక్కడ అని అడిగితే చెప్పలేకపోయింది. నేను ఆశ్రమానికి ఫోను చేసి, ఆ గది ఇంకెవరికైనా ఇచ్చుకోండి, మా ఆవిడకు తీరిక లేదు అన్నాను.

పట్టలేని సంతోషంతో
నీ నాన్న