ఇమాం వెనక నిలబడినవాడు

బాట్లీ, ఇంగ్లండ్,
షాబాన్ 18, సోమవారం
10 ఆగస్టు 2009

ఇద్రీస్ భాయ్‌కి,

హారూన్ సలాం. అల్లాహ్ శాంతి, కరుణ నీ మీదా నీ ఇంటిమీదా ఉండుగాక. ఈ ఉత్తరం అందేసరికి నీ మోకాళ్ళు నీ మాట వింటూ ఉండాలని, గ్లాస్టర్ గాలి నీ ఛాతీకి పడుతూ ఉండాలని దుఆ చేస్తున్నాను. ఇక్కడ ఆయన దయవల్ల అందరం లేచి తిరుగుతున్నాం. నేనొక్కణ్ణే ఈ మధ్య నమాజు కుర్చీలో కూర్చుని చేస్తున్నాను.

పదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కవరు పక్కన పడేయాలనిపిస్తే తప్పు లేదు. కానీ చివరిదాకా చదువు.

మనం ఇరవై రెండేళ్ళు పాత గుడ్డపీలికలు చీల్చి ఉన్ని తీసిన మిల్లులో ఇప్పుడు సోఫాలు అమ్ముతున్నారు. మొన్న హవ్వా నన్ను లాక్కెళ్ళి ఒక సోఫాలో కూర్చోబెట్టింది. సరిగ్గా నీ మెషిను ఉన్న చోటు అది. ఆ చప్పుడులో నువ్వు పెదవులు కదుపుతూ ఖురాన్ ముప్పై పారాల్లో రోజుకొకటి చదివేవాడివి, నేను నీ పెదవులు చూస్తూ తప్పులు వెతికేవాణ్ణి. మనిద్దరం తనను తిట్టుకుంటున్నామని ఆ ఇంగ్లీషు మేస్త్రీ పై ఆఫీసులో ఫిర్యాదు చేయలేదూ? సోఫా ఎలా ఉందని హవ్వా అడిగితే నేను నీ మెషిను సంగతి చెప్పాను. మా ముసలాయనకు మెత్తటి సోఫా మీద కూడా వైరాగ్యమేనమ్మా, అని అక్కడి అమ్మాయితో అని నవ్వింది.

అసలు సంగతికి వస్తాను. పోయిన శుక్రవారం మీ రుకయ్యా ఫోన్ చేసింది. చాచా, మా అబ్బా పదేళ్ళుగా ఇంట్లో కూడా పైకి చదవట్లేదు, నమాజులో చిన్న చిన్న సూరాలతో సరిపెట్టేస్తాడు, అంది. ఖురాన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు గాని తెరవడు, రంజాన్ దగ్గర పడుతోందంటే అన్నం సహించదు, అంది. నాకు ఇచ్చిందాన్ని అల్లాహ్ వెనక్కి తీసేసుకున్నాడు, నేనేం పాపం చేశానో, అంటున్నావట. ఆ రోజు తప్పు నీదో కాదో ఒక్కసారి తెరిచి చూసుకోవచ్చుగా అబ్బా అని ఆమె అంటే, హారూన్ తప్పు పట్టాడంటే అది తప్పే, మళ్ళీ చూసేదేముంది అని కసిరావట. మీరైనా ఏదో ఒకటి చెప్పండి చాచా అని ఏడ్చింది. 

ఆ సంగతి నీకు గుర్తు చేయనక్కరలేదు. అయినా నా నోటితో ఒకసారి చెప్పనీ. రంజాన్ ఐదో రోజు రాత్రి, రోజుకొక పారా చొప్పున ఖురాన్ అంతా వినిపించే తరావీహ్ నమాజు. పద్నాలుగేళ్ళుగా జరుగుతున్నట్టే నువ్వు ఇమాంగా ముందు నిలబడి కంఠస్థంగా చదువుతున్నావు. నువ్వు ఎక్కడైనా ఆగితే అందించడానికి నేను నీ వెనకే నిలబడి వింటున్నాను. మన మసీదులో ఖురాన్ అంతా నోటికి వచ్చిన హాఫిజ్‌లం అప్పట్లో మనిద్దరమే. ఐదో పారాలో, నిసా సూరాలో ఆ ఆయతు దగ్గరికి వచ్చావు. విశ్వసించినవారలారా, న్యాయం మీద గట్టిగా నిలబడండి, అల్లాహ్ కోసం సాక్ష్యం పలకండి, అది మీకే వ్యతిరేకంగా పోయినా సరే. నువ్వు మొదలుపెట్టావో లేదో, వెనకనుంచి నేను వేరేది అందించాను. తర్వాతి సూరా మాయిదాలో ఇంచుమించు ఇలాగే మొదలయ్యే ఆయతు ఉంది కదా, ఎవరిమీదో ఉన్న పగ మీచేత అన్యాయం చేయించకూడదు అని చెప్పేది, అది. నువ్వు ఆగావు. మళ్ళీ మొదటినుంచి అందుకున్నావు. నేను మళ్ళీ అదే అందించాను. అప్పుడు నువ్వు నీది వదిలేసి నాది పట్టుకున్నావు. పట్టుకుని మాయిదాలోకి వెళ్ళిపోయి, దారి దొరక్క, మధ్యలోనే రుకూలోకి వంగావు.

వెనకున్న జనానికి అర్థమైంది ఒక్కటే. హారూన్ దిద్దాడు కాబట్టి ఇద్రీస్ తప్పాడు. మర్నాటినుంచి నువ్వు నిజంగానే తడబడ్డావు. భయం పట్టుకున్న నాలుక అంతే. తొమ్మిదో రోజు కమిటీ పెద్ద సులేమాన్ దేశాయి నన్ను చెప్పుల అరల దగ్గరికి పిలిచి, నువ్వు వెనకే ఉంటావుగా, నిజం చెప్పు, హాఫిజ్‌జీకి మతిమరుపు వచ్చిందా అని అడిగాడు. వయసు మీద పడింది కదా సేఠ్, మనమేం చేస్తాం అన్నాను. పదో రోజు ముందు నేను నిలబడ్డాను. నువ్వు మూడో వరసలో నిలబడ్డావు. ఈద్ వెళ్ళాక కూతురి దగ్గరికి వెళ్ళిపోయావు.

ఇప్పుడు విను. ఆ తప్పు నాది. మొన్నటిదాకా నాకే తెలియదు.

మా మనవరాలు నుసైబాకు పదకొండేళ్ళు. ఖురాన్ కంఠతా పడుతోంది. సాయంత్రం హవ్వాకు వెల్లుల్లి వలిచి పెడుతూ నేను అప్పజెప్పించుకుంటాను. పోయిన నెల ఆ ఆయతు దగ్గరికి వచ్చింది. నేను ఆనాటిలాగే అడ్డుపడి దిద్దాను. దాదా, నువ్వు మాయిదాలోకి వెళ్ళిపోయావు, నేనింకా నిసాలోనే ఉన్నా, అంది. ఖురాన్ తెచ్చి వేలు పెట్టి చూపించింది. ఊరందరి తప్పులూ దిద్దే మనిషికి ఇన్నాళ్ళకు మొగుడు దొరికాడు అని వంటింట్లోంచి హవ్వా ఒకటే నవ్వు. నా చేతిలో వెల్లుల్లి అలాగే ఉండిపోయింది. పదేళ్ళ కింద ఎవరు తప్పారో నాకు అప్పుడు తెలిసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. అయినా భాయ్, మేము మరిచిపోయినా పొరబడినా మమ్మల్ని పట్టుకోకు ప్రభూ అని అడగమని బఖరా సూరా చివర ఆయనే మనకు నేర్పాడు. ఆ మాట మీద భారం వేసి నిన్ను క్షమించమంటున్నాను. పదేళ్ళు ఇమాంగా ఉన్నందుకు కమిటీవాళ్ళు నాకు శాలువా కప్పుతామంటున్నారు. వద్దన్నాను. ఈ రంజాన్‌కు నువ్వు బాట్లీ రా. నువ్వు ముందు నిలబడు, నేను ఎప్పటిలాగే నీ వెనకే ఉండి వింటాను, ఈసారి కుర్చీలో. మా మేడమీద గది ఖాళీగానే ఉంది. రుకయ్యాకు నా ఆశీస్సులు చెప్పు.

నీ దుఆలో తన పేరుకూ కాస్త చోటు అడిగే,
హారూన్ మాంజ్రా

తా.క.

నిన్న కవరు అంటించి పోస్టు బిళ్ళ కూడా అతికించాను. పోస్టుపెట్టె దాకా వెళ్ళి తిరిగొచ్చి కవరు చింపి తెరిచాను.

నుసైబా నన్ను దిద్దలేదు. ఆ ఆయతు చక్కగా చదువుకుంటూ పోయింది, నేను నోరు మూసుకుని విన్నాను. పిల్ల పేరు, హవ్వా నవ్వు అడ్డం పెట్టుకుని నీకు కథ అల్లాను.

మొదటిసారి అందించింది పొరపాటే. అల్లాహ్ సాక్షిగా అది పొరపాటే. కానీ నువ్వు మళ్ళీ మొదటినుంచి అందుకున్నప్పుడు, నాలుగు మాటలు దాటకముందే, నువ్వే సరి అని నాకు తెలిసింది. నువ్వు అక్కడ ఒక్క ఊపిరి సేపు ఆగావు. నాకోసం ఆగావు. నేను ఊరుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. నేను దిద్దడం పక్కనున్నవాళ్ళంతా విన్నారు, ఇప్పుడు వెనక్కి తగ్గితే నా పరువు పోతుందనుకున్నాను. అదొక్కటే కాదు. పద్నాలుగేళ్ళు నీ గొంతు వెనక నిలబడ్డాను. హారూన్ గొంతు ఎలా ఉంటుందని ఒక్కడూ అడగలేదు. ఒక్కసారి నువ్వు తప్పాలని నాకు ఉండేది భాయ్. అందుకే రెండోసారి ఇంకాస్త గట్టిగా అందించాను. సులేమాన్ సేఠ్‌కు చెప్పిన జవాబు కూడా తెలిసే చెప్పాను. ప్రతి రంజాన్‌లోనూ ఐదో రోజు ఆ ఆయతు దగ్గర తేలు కుట్టిన దొంగలా గబగబా చదివేసి దాటిపోయాను.

మరిచిపోయినా పొరబడినా అన్న దుఆ నాలాంటివాడికి కాదు. దాన్ని నీ ముందు వాడుకున్నందుకు కూడా నేను లెంపలు వేసుకోవాలి. నాకు సరిపోయేది, ఆ రోజు నేను నిన్ను పూర్తి చేయనివ్వని సగం. మీరు సాక్ష్యాన్ని మెలితిప్పినా, ముఖం చాటేసినా, మీరు చేసేదంతా అల్లాహ్‌కు తెలుసు.

పై కాగితాలు చింపేసి కొత్తగా రాయవచ్చు. రాయలేదు. డెబ్బై ఏళ్ళు వచ్చి, నీకు క్షమాపణ రాస్తూ కూడా నేను ఎంత నున్నగా అబద్ధం ఆడగలనో నువ్వు చూడాలి. శుక్రవారం జుమా అయ్యాక అందరిముందూ లేచి ఇదంతా చెబుతాను. హవ్వాకు నిన్ననే చెప్పాను. ఆమె నవ్వలేదు. నాకంటే ముందు ఇద్రీస్ భాయ్‌కి చెప్పాల్సింది, అంది. ఇంకా నాతో మాట్లాడటం లేదు.

నువ్వు రాకపోయినా సరే, క్షమించకపోయినా సరే. నీ దగ్గర ఉన్నదాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. నేను నీ చేత అలా అనుకునేలా చేశాను. నిసా సూరా, నూట ముప్పై ఐదో ఆయతు. ఒళ్ళో ఉన్నదాన్ని తెరువు. నేను చెప్పాను కదా అని మాత్రం ఊరుకోకు. ఈసారి నా మాట నమ్మవద్దు భాయ్, నీ కళ్ళతో చూసుకో.